ముసలివాళ్లకు తొమ్మిదో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు: ఇది సాయమేనా?

సీతాఫల్‌మండి కుర్రాడు:
మా అమ్మకు 68 ఏళ్లు. నాలుగిళ్లలో అంట్లు తోమి నన్ను పెంచింది. 2023లో సర్కారు పేదలకిచ్చే డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు లాటరీలో వస్తే, తాళంచెవి పట్టుకుని ఏడ్చేసింది. 560 చదరపు అడుగుల ఇల్లు, బాగానే ఉంది. కానీ ఊరి చివర, తొమ్మిదో అంతస్తు.

పోయిన నెల లిఫ్టు పదకొండు రోజులు ఆగిపోయింది. సరుకులు మోసుకుని మెట్లెక్కి వెళ్తే, బీపీ మాత్రలు అయిపోయి నాలుగు రోజులైందని అప్పుడు చెప్పింది. ఫోన్ చేయొచ్చు కదమ్మా అంటే, "నీకు డ్యూటీ ఉంటుంది కదరా" అంది. ఇంతకుముందు బస్తీలో గదిలో ఉన్నప్పుడు మాత్రల ఖాళీ అట్ట పక్కింటి పిల్లాడి చేతికిస్తే చాలు, పరిగెత్తి తెచ్చేవాడు.

నేననేది, పెద్దవాళ్లను ఊరవతలికి పంపొద్దు. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 2015లో పాత గుడిసెల చోటే జీ ప్లస్ టూ (గ్రౌండ్ ఫ్లోర్, పైన రెండంతస్తులు) కట్టి 396 ఇళ్లు ఇచ్చారు. అలా కట్టాలి. అప్పటిదాకా వాళ్లుంటున్న చోటే అద్దె సాయం ఇవ్వాలి.

ముప్పై ఏళ్ల కిరాయి:
తమ్ముడూ, మీ అమ్మగారి బాధ అర్థమైంది. అద్దె సాయం మాట మాత్రం ఒప్పుకోను. మా నాన్న పోయినప్పుడు అంబులెన్స్ గల్లీలోకి రాగానే ఓనరు గేటు దగ్గర నిలబడ్డారు. "లోపలికి వద్దమ్మా, ఇంటికి అరిష్టం" అన్నారు. రోడ్డు మీదే టెంటు వేయించి, ఐస్ బాక్సు పెట్టి, రాత్రంతా కూర్చున్నాం. మా అమ్మ చెప్పుల మీద కూర్చుంది, కింద బురదగా ఉందని. దినాలు చేసుకోవడానికి కూడా చోటు వెతుక్కున్నాం.

ఇంట్లో ముసలివాళ్లున్నారని తెలిస్తే టులెట్ బోర్డు వేలాడుతున్నా ఖాళీ లేదంటారు. సర్కారు నెలకు ఎంతిచ్చినా ఆ గేటు తెరుచుకోదు. పోయేటప్పుడు సొంత గడపలోంచి పోవాలనుకోవడం అత్యాశ కాదు. తొమ్మిదో అంతస్తైనా అది మీ అమ్మగారి గడప.

రిటైర్డ్ సివిల్ ఇంజనీరు:
ఐడీహెచ్ కాలనీ మంచి ఉదాహరణే. కానీ అక్కడ 396 ఇళ్లు, ఊరి చివర కొల్లూరు టవర్లలో ఒక్కచోటే 15,660. నగరం నడిబొడ్డున అంత స్థలం ఎక్కడిది? బస్తీ ఖాళీ చేయించాలంటే అందరూ ఒప్పుకోవాలి, కట్టినన్నాళ్లూ వాళ్లు ఎక్కడో తలదాచుకోవాలి. ఊరవతల ప్రభుత్వ భూమి ఉంటుంది, ఎత్తుగా కడితే ఎక్కువమందికి వస్తుంది.

అసలు తప్పు ఎత్తులో లేదు, నిర్వహణలో ఉంది. లిఫ్టు ఉన్న భవనానికి నెలనెలా ఖర్చుంటుంది. ఆ డబ్బు ఎవరు కట్టాలో తాళాలిచ్చే రోజే తేల్చాలి. పింఛను మీద బతికే మనిషిని మెయింటెనెన్స్ అడిగితే ఎక్కడినుంచి తెస్తుంది? పెద్దవాళ్లకు గ్రౌండ్ ఫ్లోర్ ఇస్తే సగం గొడవ తీరుతుంది.

సీతాఫల్‌మండి కుర్రాడు:
సార్, మా టవర్లో గ్రౌండ్ ఫ్లోరే లేదు. కిందంతా స్తంభాలు, పార్కింగ్. ఇళ్లు మొదటి అంతస్తు నుంచే మొదలు.

కాకినాడ నుంచి:
మీరంతా ఇంటి దగ్గరే ఆగిపోయారు. మా దగ్గర 2024 జూలై నుంచి వృద్ధులకు 4,000 పింఛను, ఒకటో తేదీన ఇంటికే తెచ్చిస్తారు. మంచంలో ఉన్న మా పెద్దమ్మ చేతిలో నోట్లు పెట్టి వెళ్తారు. డబ్బు గడప దాకా రాగలిగినప్పుడు బీపీ మాత్రలు ఎందుకు రాలేవు? టవర్ల కాలనీలో వేలమంది ఒక్కచోటే ఉంటారు, అక్కడ ఒక నర్సు తిరగడం ఇంకా సులువు. కట్టడానికి పెట్టిన శ్రద్ధ, మనుషులు చేరాక వాళ్లను చూసుకోవడానికి పెట్టలేదు. నాకు కోపం అందుకే.

ముప్పై ఏళ్ల కిరాయి:
ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. 2018 నుంచి హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు (సర్కారు చిన్న ఉచిత క్లినిక్‌లు) నడుస్తున్నాయి కదా. కొత్త కాలనీలో మనుషులు చేరకముందే ఒకటి తెరవాలి. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే, కానీ మోకాళ్ల నొప్పులతో స్టాపులో గంటసేపు నిలబడాలంటే ఎంత నరకం!

సీతాఫల్‌మండి కుర్రాడు:
అక్కా, మీ నాన్నగారి సంగతి చదివాక రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. ఇల్లు తిరిగిచ్చేసి నా దగ్గరికి వచ్చేస్తావా అన్నాను. "ఇల్లు వదలను, కిందికి మార్చమను" అంది. నేను అద్దె సాయం అనడం తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను.

మొదటి అంతస్తులో చిన్న వయసు జంట ఒకటి ఉంది. ఇళ్లు మార్చుకోవడానికి వాళ్లు సరేనన్నారు. కాగితాల్లో ఎలా మార్చుకోవాలో మాత్రం ఎవరినడిగినా తెలియట్లేదు. మా బ్లాకులో ఇలాంటి పెద్దవాళ్లు ఇంకా ఆరుగురున్నారు. వాళ్లందరి సంతకాలతో సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్తున్నాను. అంతస్తు మార్పు, లిఫ్టు, దవాఖానా: ఈ మూడే అడుగుతున్నాను. ఇంజనీరు గారూ, అర్జీ ఎలా రాయాలో కాస్త చెప్పండి.