ఎడగారు అంటే రెండో పంట అని చెప్తే సరిపోతుందా?

హైదరాబాద్ నుంచి ప్రశ్న:
పేపర్లో "ఎడగారుకు నీళ్లిస్తారా?" అన్న హెడ్డింగ్ చూసి మా పాప "ఎడగారు ఎవరు నాన్నా, ఆయనకు నీళ్లెందుకు ఇవ్వరు?" అని అడిగింది. మాది నెల్లూరే గానీ పెరిగిందంతా టౌన్లో, రెండో పంట అని చెప్పి ఊరుకున్నాను. కానీ అప్పట్నుంచీ అదే ఆలోచన. రెండో పంటకు ఈ పేరెందుకు? ఈ గారు ఏ గారు? తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి నుంచి:
కారు అంటే నలుపు కదండీ. కారుమబ్బు, కారుచీకటి. మబ్బులు పట్టే కాలంలో వేసే పంట అయ్యుంటుంది. మా వైపు ఈ మాట వినలేదు.

బుచ్చి నుంచి:
లేదండీ, ఆ కారు వేరు. ఎడగారు నారు పోసేది మండుటెండల్లో, అప్పుడు మబ్బెక్కడిది. ఇక్కడ కారు అంటే పంటకాలం. ముక్కారు పండే భూమి అంటాం చూడండి, ఆ కారు. ముందు ఎడ వచ్చి చేరేసరికి క కాస్తా గ అయింది. ఎడ అంటే నడుమ, సందు. ఎడం, ఎడబాటు, ఎడతెరిపి, వీటన్నిట్లో ఉన్నది అదే. చిన్నప్పుడు అందరం బట్టీపట్టిన "అప్పిచ్చువాడు వైద్యుడు" పద్యంలో ఎడతెగక పారే ఏరు ఉంటుంది, అంటే మధ్యలో తెగకుండా పారేది. మా పెన్న అలాంటి ఏరు కాదు, ఎండాకాలం వస్తే చాలాచోట్ల ఇసుకే. అలాంటి ఏటి కింద నడిమికారు పండాలంటే నీళ్లు ముందే ఎక్కడో దాచిపెట్టి ఉండాలి. నాకు ఈ మాట మీద ప్రేమ అందుకే.

మాది కనిగిరి రిజర్వాయరు కింద మూడెకరాలు. (ప్రకాశం వైపు కనిగిరి ఊరు అనుకునేరు, అది వేరు. ఈ రిజర్వాయరు మా బుచ్చిరెడ్డిపాళెం దగ్గరిది.) మాకు గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, దీపావళికి అటూ ఇటూ. గోదావరి వైపు సార్వా (మొదటి పంట) నాట్లు వేసేనాటికి మాకింకా అసలు పంట మొదలుకాదు. అక్టోబరు, నవంబరుల్లో మొదలుపెడితే మార్చి ప్రాంతంలో కోతలు. అది ఇంటికొచ్చాక మళ్లీ వానలు పడేలోపు మిగిలే ఎడంలో వేసేది ఎడగారు. ఏప్రిల్లో నారు పోస్తే ఆగస్టు, సెప్టెంబరుల్లో కోత.

ఆ నాలుగైదు నెలలూ మా కయ్యలకు, అంటే వరి మళ్లకు, దిక్కు పెన్న మీదున్న సోమశిల డ్యామే. నిండితే 78 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, చదునుగా పరిస్తే దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతు నిలుస్తుంది. డెల్టాకు వదిలిన నీళ్లు పెన్నలోనే నడిచి సంగం చేరతాయి. అక్కడ బ్యారేజీ వాటిని ఆపి మట్టం పెంచి కాలువల్లోకి తిప్పుతుంది. ఇప్పుడున్నది 2022లో ప్రారంభమైంది, అంతకుముందు బ్రిటిష్ కాలపు ఆనకట్ట ఉండేది. సంగం నుంచి కనిగిరి కాలువ వచ్చి మా రిజర్వాయరులో పడుతుంది. సోమశిలలో గేటు ఎత్తగానే నీళ్లు మా గట్టుకు రావు కదా, అంత దూరం ఇసుకలో నడిచి రావాలి, మాకేమో ఒకరోజు ఎక్కువ కావాలి, ఒకరోజు తక్కువ కావాలి, అందుకే మధ్యలో ఇంకో నిల్వ ఉండాలి. అక్కణ్ణించి తూములు, పెద్ద కాలువలు, పిల్ల కాలువలు, చివరికి మా గట్టు పక్కన బారెడు వెడల్పు లేని పంట కాలువ. ఇంత దారిలో మోటారు అవసరం లేదు. నీరు పల్లమెరుగు అన్నది మేం రోజూ కళ్లతో చూసేదే.

వంతు రాత్రి పడితే టార్చి, పార తీసుకుని పోతాం. కాలువ గట్టుకు మూరెడు గండి తీసి, ఆ మట్టిపెళ్లల్నే కాలువకు అడ్డం వేసి, సందుల్లో గడ్డి కుక్కి కాలితో తొక్కితే నీళ్లు కయ్యలోకి తిరుగుతాయి. మొదట నురగ, ఎండుటాకులు వస్తాయి. నెర్రెల్లోకి దిగేటప్పుడు బుడబుడమని చప్పుడు. ఆ చప్పుడు ఆగి నీళ్లు పైన పరుచుకోవడం మొదలయ్యాకే గట్టు మీద కూర్చుంటాం.

ఒక ఏడు ఎడగారుకు నీళ్లు ఇస్తామన్నారు, నారు పోశాం, నాటేశాం, తీరా వరి పొట్ట మీదున్నప్పుడు కాలువ కట్టేశారు. మాది చివరి ఆయకట్టు. వెన్ను సగం బయటికొచ్చి ఆగిపోయింది. ఎకరాకు మూడు పుట్లు రావాల్సింది ఒక పుట్టి కూడా రాలేదు (మాకు పుట్టి అంటే 850 కిలోలు). రెండో పంట అంటే లెక్క ఒక్కటే తెలుస్తుంది. ఎడగారు అంటే ఇది వానది కాదు, నిల్వ నీటిది, నీళ్లు మిగిలితేనే అని మా వైపు పసివాడికి కూడా అర్థమవుతుంది.

ఒంగోలు నుంచి:
చాలా బాగా చెప్పారన్నా. మాది సాగర్ కుడి కాలువ చివర. మాకు ఎడగారు లేదు, ఆరుతడి ఉంది. కాసేపు ఆరాలి, కాసేపు తడవాలి, అంతే, నీళ్లు నిలబెట్టకూడదు. మిరప, శనగ లాంటివి. పంటకు నీళ్లు ఎలా కట్టాలో పేరులోనే ఉంది.

కోవూరు నుంచి:
పంట లోనుకు పోతే ఫారంలో ఎడగారు అనే గడే లేదు. ఖరీఫ్ అని రాయించారు. మా నాన్న మాత్రం "ఏమ్రా, ఎడగారు లోను వచ్చిందా?" అనే అడిగేవాడు. దయచేసి ఈ మాటను వదలకండి, పిల్లలతో కూడా అనండి.

హైదరాబాద్ నుంచి:
అందరికీ నమస్కారాలు. బుచ్చి అన్నా, మీరు రాసిందంతా పాపకు చదివి వినిపించాను. ఆయన కాదు, కాలం అని అర్థమైంది. ఇప్పుడింకో ప్రశ్న అడుగుతోంది: ఈ ఏడు మీకు ఎడగారు ఉందా?

బుచ్చి నుంచి:
సోమశిలలో ఎంత మిగిలిందో చూసి మీటింగులో తేలుస్తారమ్మా, ఇంకా తేలలేదు. విత్తనాలు మాత్రం తెచ్చి ఇంట్లో పెట్టాను.