గుణింతం గడగడా చెబుతారు, ఒక్క అక్షరం చూపిస్తే ఆగిపోతారు. మీ తరగతిలో ఏం చేశారు?

రెండో తరగతి టీచర్, ప్రకాశం జిల్లా
అందరికీ నమస్కారం. మా రెండో తరగతిలో 19 మంది పిల్లలు. 'క కా కి కీ' మొదలుపెడితే ఊపిరి తీసుకోకుండా 'కం కః' దాకా వెళ్ళిపోతారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. మొన్న బోర్డు మీద గుణింతం రాసి, మధ్యలో 'కె' మీద వేలు పెట్టి ఇదేంటని అడిగాను. ఒకమ్మాయి మళ్ళీ 'క' దగ్గర నుంచి లోలోపల పాడుకుంటూ, వేళ్ళు మడుచుకుంటూ వచ్చి 'కె' అంది. జవాబు సరైనదే. కానీ ఆ పిల్ల చదవలేదు, లెక్కపెట్టుకుంది. మిగతావాళ్ళనీ అడిగి చూస్తే నలుగురు తప్ప అందరిదీ అదే పరిస్థితి. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు.

మూడో తరగతి పూర్తయ్యేలోపు పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ పథకం మొదలుపెట్టినప్పుడే లక్ష్యం పెట్టారు. అది తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. మీ దగ్గర పనికొచ్చినవి చెప్పండి. కొనాల్సిన సామాను వద్దు, బడిలోనూ ఇంట్లోనూ దొరికేవాటితో అయ్యేవి కావాలి.

ఐదు తరగతుల పంతులు, నల్గొండ జిల్లా
మేడమ్, మా దగ్గర కూడా ఇదే కథ. నేను చేసిన పెద్ద మార్పు ఒక్కటే: గుణింతాల చార్టును అడ్డంగా చదివించడం ఆపి నిలువుగా చదివించాను. ఒక వారం మొత్తం గుడి మాత్రమే. కి, గి, చి, డి, తి, ని, పి, లి. తర్వాత వారం కొమ్ము. అడ్డంగా పోతే తర్వాత ఏమొస్తుందో చెవికి ముందే తెలుసు, కంటికి పనే ఉండదు. నిలువుగా పోతే హల్లు ప్రతిసారీ మారుతుంది కాబట్టి పిల్లలు చూడక తప్పదు.

ఇంకో మాట. గుడి నేర్పిన రోజే పదాలు ఇచ్చేయాలి. బడి, గది, నది, వరి, చిలక, తిరగలి. మా పిల్లలకి బాగా నచ్చింది 'పిడికిలి'. నాలుగు అక్షరాలకీ గుడే. అది చదివినవాళ్ళు పిడికిలి బిగించి పైకెత్తాలి, అదే ఆట. ఆ ఒక్క పదంతో గుడి వాళ్ళకి పట్టుబడింది.

కొమ్ము వారంలో 'వు' దగ్గర కాసేపు ఆగండి. 'వ' పక్కన మామూలుగా కొమ్ము పెడితే అది 'మ' అయిపోతుంది. అందుకే 'వు'లో కొమ్ము కిందికి దిగుతుంది, 'పు'లో కూడా అంతే. ఇది బోర్డు మీద రాసి చూపించాక మా దగ్గర వ, మ కలగాపులగం చేసేవాళ్ళు చాలావరకు సర్దుకున్నారు. మొ, మో, యొ, యో కూడా మిగతావాటిలా ఉండవు. వాటిని చివరికి పెట్టుకోండి.

కార్డులకి డబ్బులు పెట్టకండి. పెళ్ళి శుభలేఖలు అట్టలా గట్టిగా ఉంటాయి, వెనక ఖాళీ. ముహూర్తాల నెలలు దాటాక ఊళ్ళో అడిగితే సంచీడు వస్తాయి.

రిటైర్డ్ మాస్టారు, తెనాలి
పంతులు గారు చెప్పింది బాగుంది. అయితే గుణింతం పాడించడం పూర్తిగా మానేయకండమ్మా. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకటి, రెండు తరగతులకే చెప్పాను. బడికి కొత్తగా వచ్చి నోరు విప్పని పిల్ల కూడా పదిమందితో కలిసి పాడేటప్పుడు గొంతు కలుపుతుంది. ఆ ధైర్యం కోసం పొద్దున్నే ఐదు నిమిషాలు ఉండనివ్వండి. చదవడం మాత్రం విడిగా నేర్పాలి. ఈ రెండూ ఒకటే అనుకోవడం నేను కూడా చాలాకాలం చేసిన పొరపాటు.

మా రోజుల్లో ఇసుక పోసి వేలితో దిద్దించేవాళ్ళం. పెన్సిల్ పట్టు ఇంకా కుదరని పిల్లలకి ఇప్పటికీ అదే మంచిదంటాను.

భోజనం బోర్డు టీచర్, విజయనగరం జిల్లా
ఒత్తుల సంగతి చెబుతాను, మీకు రేపు అదే సమస్య వస్తుంది. మా బడిలో మధ్యాహ్న భోజనం ఏమిటో ఆ రోజు వంతు వచ్చిన పిల్ల బోర్డు మీద రాయాలి. వంటామె దగ్గరికి వెళ్ళి అడిగి, వచ్చి రాస్తుంది. అన్నం, పప్పు, గుడ్డు, చిక్కీ. గమనించండి, అన్నీ ద్విత్వాక్షరాలే! నేను పాఠం చెప్పకముందే ఆకలే వాళ్ళకి ఒత్తులు నేర్పేసింది. మొదట్లో ఒకడు 'గుడు' అని రాస్తే క్లాసంతా "గుడ్డు! గుడ్డు!" అని అరిచారు. ఒత్తు లేకపోతే మాట మారిపోతుందని నేను విడిగా చెప్పాల్సిన పని పడలేదు.

అక్కడి నుంచి అక్క, అవ్వ, బొమ్మ, కుక్కపిల్ల దాకా పోవచ్చు. 'సాంబారు' రోజున సున్నా కూడా వచ్చేస్తుంది.

ఒక అమ్మ, విజయవాడ
టీచర్ల మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబు ఒకటో తరగతి. వాడి లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. రెండూ సగం సగమే వచ్చేవి. ఊరికి వెళ్ళేటప్పుడు బస్సు అద్దం మీద 'పల్లె వెలుగు' అని వాడంతట వాడే చదివాడు. అప్పటి నుంచి దుకాణాల బోర్డులు, బిస్కెట్ ప్యాకెట్లు, ఏది కనిపిస్తే అది చదివిస్తున్నాను. ఇంట్లో పుస్తకం తీస్తే పారిపోయేవాడు దారిలో ఆగి మరీ చదువుతున్నాడు.

ఏజెన్సీ టీచరమ్మ, ఉట్నూరు వైపు
మా బడిలో ఎక్కువమంది గోండు పిల్లలు. ఇంట్లో గోండి మాట్లాడతారు. 'ఇల్లు' బొమ్మ చూపించి ఇదేంటంటే 'రోన్' అంటారు. 'నీళ్ళు' అంటే 'యేర్'. మొదటి ఏడాది నేను "కాదు, ఇల్లు అనాలి" అని దిద్దేదాన్ని. పిల్లలు మాట్లాడడమే మానేశారు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఇప్పుడు మొదట వాళ్ళ మాటనే తెలుగు లిపిలో రాస్తాను. 'రోన్' అని రాసి వాళ్ళతో చదివిస్తాను, పక్కన 'ఇల్లు' రాస్తాను. తమ మాట బోర్డు మీద కనిపించేసరికి ఆ మొహాలు చూడాలి. అక్షరానికీ ధ్వనికీ ఉన్న లింకు వాళ్ళ మాటలోనే తెలిసిపోతుంది, తర్వాత తెలుగు పదాలు తొందరగా పట్టుకుంటారు. మీ పిల్లల్లో కూడా ఇంట్లో లంబాడీయో ఇంకో భాషో మాట్లాడేవాళ్ళు ఉన్నారేమో చూసుకోండి.

ఐదు తరగతుల పంతులు, నల్గొండ జిల్లా
మేడమ్, మీరు లెక్కల మాట కూడా ఎత్తారు కాబట్టి ఒక చిన్న చేర్పు. 'ఇరవై మూడు' రాయమంటే 203 అని రాస్తున్నారా? విన్నది విన్నట్టే రాస్తున్నారన్నమాట. చీపురు పుల్లలు పదేసి కట్టి రబ్బరు బ్యాండు వేయండి. రెండు కట్టలు, మూడు విడి పుల్లలు చేతికిచ్చి తర్వాత రాయించండి. ఎక్కాలు ఆ తర్వాతే.

రెండో తరగతి టీచర్, ప్రకాశం జిల్లా
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను. గుడి, కొమ్ము అయ్యాయి. 19 మందిలో 13 మంది శుభలేఖ కార్డు ఏది తీసినా ఆగకుండా చదువుతున్నారు. పాట మానలేదు మాస్టారూ, పొద్దున్నే ఐదు నిమిషాలు ఉంది. భోజనం బోర్డు కూడా పెట్టాం. మిగిలిన ఆరుగురిలో ఇద్దరు రోజూ బడికి రారు, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళొచ్చాను. ఒకరికి బోర్డు సరిగ్గా కనబడడం లేదని అనుమానం వచ్చింది. కంటి పరీక్ష చేయించమని వాళ్ళ నాన్నకి చెప్పాను.

వేళ్ళు మడుచుకున్న ఆ అమ్మాయి నిన్న బోర్డు దగ్గరికి వచ్చి 'పులుసు' అని రాసింది. నేను రాయమనలేదు. ఈ వారం ఎత్వం మొదలుపెడుతున్నాను. 'పిడికిలి' లాంటి పదం దానికి కూడా ఏదైనా ఉంటే చెప్పండి.

భోజనం బోర్డు టీచర్, విజయనగరం జిల్లా
'తెలివి' తీసుకోండి మేడమ్. ఎత్వం కొత్తది, మిగతా రెండూ మీ పిల్లలకి వచ్చిన గుడులే.