దివిసీమలో పిల్లలతో ఊళ్ల పరిశీలన: ఎక్కడ మొదలుపెట్టమంటారు?

నాగాయలంక కుర్రాడు

అందరికీ నమస్కారమండి. డిగ్రీ చదువుతున్నాను. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలు కొందరు ఆదివారాలు కలుస్తున్నారు. దివిసీమ పాత సంగతులూ, ఇప్పటి పర్యావరణ సమస్యలూ వాళ్ల కళ్లతో చూసి వాళ్లే రాయాలని నా ఆశ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై మనల్ని దీవిగా మార్చిందన్న సంగతి వీళ్లలో సగం మందికి ఎప్పుడూ తట్టలేదు.

రెండు జట్లు అనుకున్నాను. ఒకటి గుళ్లు, పాత కట్టడాలు, ఉప్పెన స్తూపాలు చూస్తుంది. రెండోది మడ అడవి (ఉప్పునీటి చెట్ల అడవి), ఉప్పు నీళ్లు, ప్లాస్టిక్, రొయ్యల చెరువులు. నలభై ప్రశ్నల ఫారం కూడా తయారుచేశాను. మొదటి వారమే ఆవులింతలు మొదలయ్యాయి. పైగా చెరువు గట్టు మీద ఫొటో తీస్తుంటే ఒకాయన కేకలేసి తరిమాడు. మా దగ్గర ఫోన్లు, సైకిళ్లు తప్ప ఇంకేం లేవు. ఏం చెయ్యమంటారు?

సంగమం

మాఘ పౌర్ణమి స్నానాల మర్నాడు హంసలదీవి తీసుకెళ్లు బ్రో. ఒడ్డున మిగిలిన కవర్లు, సీసాలు చూస్తే ఫారం అక్కర్లేదు. వేణుగోపాలస్వామి గుడి కూడా చూసినట్టుంటుంది. దేవతలు ఒక్క రాత్రిలో కట్టారని చెప్పే కథ ఉందిగా, పిల్లలకి నచ్చుతుంది.

కోడూరు మాస్టారు

చెత్త ఏరడం మంచిదే. కానీ అది ఒక్క పూట పని, పరిశీలన కాదు.

బాబూ, ఆ ఫారం అవతల పెట్టెయ్. రెండు జట్లూ వద్దు. 1977 నవంబరు 19 ఏ జట్టులోకి వస్తుందో చెప్పు? 10,000 మందికి పైగా పోయిన ఉప్పెన అది. మన ఊళ్ల చరిత్రా అదే, మన సముద్రం సంగతీ అదే.

నేనైతే పిల్లలకి ఒక్కటే ప్రశ్న ఇచ్చి పంపిస్తాను: మీ ఊళ్లో ఆ రోజు నీళ్లు ఎంతెత్తు వచ్చాయి? పెద్దవాళ్లని అడిగి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపించమనాలి. గుడి గోడో, బడి గోడో, అప్పటి మేడ మెట్లో. నేల నుంచి అక్కడికి టేపు పెట్టి కొలవాలి. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఆ తర్వాత రోడ్డు మీద రోడ్డు వేశారు, గుడి ఆవరణ మెరక చేశారు. కాబట్టి అప్పటి నేల ఎక్కడుండేదో కూడా అడిగి రాసుకోవాలి. ఒకే చోటికి ఇద్దరిని విడివిడిగా అడగాలి. ఒకరు నడుం లోతంటే ఇంకొకరు నిలువు లోతంటారు. రెండూ రాయండి. సగటు తియ్యొద్దు.

తొందరపడమని ఎందుకంటున్నానంటే, బాగా ఊహ తెలిసి ఆ రాత్రి చూసినవాళ్లు ఇప్పుడు డెబ్బైల్లో ఉన్నారు. 1864లో బందరుని ఉప్పెన ముంచింది. ఆ నీళ్లు చూసి చెప్పేవాళ్లు ఇవాళ ఎవరున్నారు?

అడిగే తీరు నేర్పించి పంపించు. సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఇంటికో కథ ఉంది. "మీ ఇంట్లో ఎంతమంది పోయారు" అని పద్నాలుగేళ్ల పిల్ల అడక్కూడదు. "మీరు ఏం పట్టుకుని నిలబడ్డారు", "నీళ్లు తీశాక మొదట ఎవరింటికి వెళ్లారు" అని అడిగితే చెప్పదలుచుకున్నవాళ్లు చెప్తారు. తాటిచెట్టు ఎక్కినవాళ్లు, తుమ్మ కొమ్మ పట్టుకుని తెల్లవార్లూ వేలాడినవాళ్లు ఇంకా ఉన్నారు. చెప్పనంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యాలి. ఫోన్‌లో రికార్డు చేసే ముందు తప్పకుండా అడగాలి.

ఆ ఎత్తులన్నీ మ్యాప్ మీద పెడితే మడ అడవి సంగతి దానంతటదే వస్తుంది. మడ వెనకాల ఉన్న ఊళ్లో నీళ్ల ఎత్తు తగ్గిందా? తగ్గినట్టు కనిపించకపోతే అదీ రాయండి. ఊరి మెరక, కరకట్ట, ఏటి పాయ దూరం అన్నీ లెక్కలోకొస్తాయి. మడ మీద ప్రేమకొద్దీ అంకెల్ని వంచొద్దు.

అదే చేత్తో ఊళ్లో తుపాను షెల్టరు చూసి రండి. తాళం ఎవరి దగ్గరుంది, మెట్లు ఎక్కేలా ఉన్నాయా, పైకప్పు ఊడుతోందా, లోపల ఎవరి గడ్డివామి ఉంది? నా లెక్కలో గుళ్ల ఫొటోల కన్నా ఇది ముందు. 1990 మే తుపాను కూడా మన కృష్ణ మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గరే తీరం దాటింది. ముందుగా జనాన్ని ఖాళీ చేయించబట్టి ప్రాణనష్టం 1977తో పోలిస్తే చాలా తక్కువ.

సముద్రం ముందుకొస్తోందని అందరూ అంటారు. పైన శ్రీశైలం, సాగర్‌లలో ఒండ్రు ఆగిపోతే డెల్టా అంచు కోసుకుపోవడం వింతేం కాదు. కానీ పిల్లలు దాన్ని ఫొటోల్లో చూపించాలంటే ఒకే చోట నిలబడి, ఒకే వైపుకి, ఒకే పోటు మీద తియ్యాలి. ఒకటి అమావాస్య పోటులో, ఇంకొకటి పాటు దిగాక తీసి పక్కపక్కన పెడితే సముద్రం ఎటు కావాలంటే అటు కదులుతుంది. తిథి, టైము ఫొటో కింద రాయించు.

ఎదురుమొండి రైతు

మాస్టారు చెప్పింది బాగుంది. గట్టు మీద కేకలేసింది నేను కాదు గానీ, నేనైనా అరిచేవాణ్ణే. అడక్కుండా ఫొటో తీసి మర్నాడు "రొయ్యల మాఫియా" అని పెట్టేవాళ్లని చూసి ఉన్నాం. నా చేలో చౌడు తేలి వరి రాకే నేను చెరువు తవ్వాను. పక్కవాడి చెరువు ఉప్పు ఊరడం వల్ల తవ్వినవాళ్లూ ఉన్నారు, అదీ నిజమే.

పిల్లల్ని అడగడానికి రమ్మను. మా దగ్గర సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో చూసే పరికరం ఉంటుంది, వనామి రొయ్య వేసేవాళ్లం ఎప్పటికప్పుడు చూసుకుంటూనే ఉంటాం. ఎలా చూడాలో నేర్పిస్తాను. కానీ కొలవాల్సింది నా చెరువులో కాదు. రొయ్యలు పట్టుబడి అయ్యాక నీళ్లు వదిలే మురుగు కాలవలో, దాని పక్కనున్న తాగునీటి బోర్లో కొలవండి. నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నున్నాయో చూపించే టీడీఎస్ మీటరు చవగ్గా దొరుకుతుంది, అది చాలు. తాగే నీటికి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. కాలవ కట్టేసిన ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి అదే బోరు చూడండి. ఎవరి బోరో పేరు మాత్రం బయట పెట్టొద్దు.

మడ చెట్టు

రెండు జాగ్రత్తలు చెప్పి పోతాను. మడ అడవి చాలావరకు కృష్ణా అభయారణ్యంలో ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా పిల్లల్ని పడవెక్కించొద్దు. ఇక మడలో ఉండే తిల్ల చెట్టు. దాని పాలు కళ్లలో పడితే చూపుకే ప్రమాదం. కొమ్మ విరవొద్దని ముందే చెప్పండి.

జనవరి నుంచి మార్చి దాకా ఒడ్డుకి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. చచ్చిపోయినవి కనిపిస్తే ముట్టుకోకుండా పక్కన స్కేలు పెట్టి ఫొటో తియ్యండి, తేదీ రాసి అటవీ శాఖ వాళ్లకి చెప్పండి. రాత్రిపూట తెల్ల లైటు వెయ్యొద్దు, పిల్ల తాబేళ్లు దారి తప్పుతాయి.

నాగాయలంక కుర్రాడు

అందరికీ థాంక్సండి. ఫారం చించేశాను. వచ్చే ఆదివారం మా అమ్మమ్మ వాళ్ల వీధి నుంచే మొదలుపెడతాం. రైతు గారూ, పంటు మీద ఏరు దాటి మీ దగ్గరికీ వస్తాం. మాస్టారూ, మా ఇంట్లో టైలర్ టేపు ఉంది, సరిపోతుందా?

కోడూరు మాస్టారు

అది సాగుతుంది, పైగా అయిదడుగులే ఉంటుంది. మేస్త్రీల దగ్గర స్టీలు టేపు అడిగి తెచ్చుకో. కొన్ని చోట్ల నిచ్చెన కూడా కావాలి.