డెక్ బోర్డుల కోసిన చివర్లు కనిపిస్తున్నాయి: పిక్చర్ ఫ్రేమా, ఫేషియానా, వదిలెయ్యడమా?

కొత్తిల్లు (షార్లెట్):
అందరికీ నమస్కారం. మా డెక్ (ఇంటికి ఆనించి కట్టిన పలకల అరుగు) 16 అడుగుల పొడవు, 12 వెడల్పు. కాంపోజిట్ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) బోర్డులు ఇంటి గోడకి సమాంతరంగా పరిచారు. ముందువైపు బాగుంది. పక్కలకి వస్తే ఒక్కో వైపు పాతిక కోసిన చివర్లు. పైన ముదురు కాఫీ రంగు, కోసిన చోట లేత మట్టి రంగు, అడుగున గాడులు దువ్వెన పళ్ళలా కనిపిస్తున్నాయి. చివర్లు ఫేషియా (డెక్ పక్క అంచుని కప్పే నిలువు పలక) దాటి అంగుళం బయటికి ఉన్నాయి. వీటిని ఎలా మూయాలి? నీళ్ళు పట్టి ఉబ్బుతాయా?

రంపంరాజు:
పిక్చర్ ఫ్రేమ్. రెండో మాట లేదు. పక్కల వెంట ఒక్కో బోర్డు అడ్డంగా వేస్తే చివర్లన్నీ దాని వెనక దాక్కుంటాయి. గాడి లేని స్క్వేర్ ఎడ్జ్ బోర్డే కొనండి, బోర్డుని కింద పట్టి ఉంచే క్లిప్పుల కోసం పక్కన గాడి ఉన్నది వేస్తే ఆ గాడి బయటికి కనబడుతుంది. ఫ్రేముకీ లోపలి బోర్డులకీ మధ్య 3/16 అంగుళం సందు. పైనుంచి కార్టెక్స్ స్క్రూ, దాని నెత్తిన అదే మెటీరియల్ ప్లగ్గు. అయిపోయింది.

నీళ్ళగండం:
ముందు చివర్లకి సీలర్ కొట్టండి. లోపలున్నది చెక్క పొడే కదా. పైన క్యాప్ (ప్లాస్టిక్ పొర) ఉన్నా కోసిన చోట లేదు.

ఎడిసన్ మావయ్య:
చివర్లకి మైనం సీలర్ ఐపే లాంటి అసలు కర్రకి. కోసిన చోట త్వరగా ఆరి పగుళ్ళిస్తుందని పూస్తారు. కాంపోజిట్‌లో చెక్క పొడి ప్లాస్టిక్‌లో కలిసి ఉంటుంది, అలా పగలదు. ఆ ప్లాస్టిక్ ఎక్కువగా పాలిథిలీన్, దాని మీద పెయింటూ సరిగ్గా పట్టదు, కొన్నాళ్ళకి పొరలు లేస్తుంది. చివర్లు తడిసినా ఆరే వీలుండాలి, అంతే.

ఇక రాజుగారూ, "అయిపోయింది" అన్నారు. ఆ ఫ్రేము బోర్డు దేని మీద కూర్చుంటుంది? బోర్డు వెడల్పు 5.5 అంగుళాలు. ఓవర్‌హ్యాంగ్ (బయటికి పొడుచుకొచ్చింది) అంగుళం, ఫేషియా అర అంగుళం, రిమ్ జాయిస్టు (బోర్డుల కింద అంచున ఉండే దూలం) అంగుళంన్నర. కలిపితే మూడు. మిగతా రెండున్నర అంగుళాలు గాలిలో. లోపలి బోర్డులు కోశాక వాటి చివర్లూ గాలిలోనే, ఎందుకంటే తర్వాతి జాయిస్టు 16 అంగుళాల దూరంలో ఉంది.

రంపంరాజు:
నాకు తెలీదనుకున్నారా? కొత్తగా రెండు జాయిస్టులు వెయ్యాలి. ఒకటి ఫ్రేము లోపలి అంచు కింద, రెండోది కోసిన చివర్ల కింద, రెంటికీ మధ్య అర అంగుళం సందు. అతుకు సరిగ్గా ఆ సందు మీద పడాలి, నీళ్ళూ ఆకులూ కిందికి జారిపోతాయి. తడి దిగకుండా జాయిస్టుల నెత్తిన బ్యూటైల్ టేపు. రిమ్‌కీ కొత్త జాయిస్టుకీ మధ్య ప్రతి 16 అంగుళాలకి అడ్డ దిమ్మ. కొత్త జాయిస్టు మీద క్లిప్పులుండవు కాబట్టి కోసిన ప్రతి చివరనీ పైనుంచి స్క్రూతో బిగించాలి. అది మరిచిపోతే కాలు పెట్టినప్పుడల్లా ఎగురుతాయి.

మీ సమస్య పని కాదు మావయ్యగారూ, బద్ధకం.

బోనాలబాబు (హైదరాబాద్):
ఇక్కడ టెర్రస్‌ల మీద వేసే బోలు డబ్ల్యూపీసీ (ఇదీ చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపిందే) పలకల కొసలకి ప్లాస్టిక్ మూత, అంటే ఎండ్ క్యాప్, అంటించేస్తారు. అది దొరకదా?

ఎడిసన్ మావయ్య:
బోలు పలకకి క్యాప్ లోపలికి దిగి పట్టుకుంటుంది. నిండు పలకకి పట్టుకోవడానికి ఏముంది? బోలు పలకలోనైనా రెండు చివరలూ గట్టిగా మూసేస్తే లోపల చేరిన నీరు బయటికి పోదు. అడుగున చిన్న బెజ్జం ఉంచమనండి.

డాలస్ దుర్గ:
ముందు మూలల్లో మైటరా (రెండు బోర్డులూ ఏటవాలుగా కోసి కలపడం), బట్ జాయింటా (ఒకటి నిండుగా పోతే రెండోది దానికి ఆనడం)?

రంపంరాజు:
మైటర్. 45 డిగ్రీలు. వేరేది వేస్తే ఫ్రేము వేసీ దండగ.

ఎడిసన్ మావయ్య:
ఇదిగో, ఇక్కడే పడతారు గోతిలో. 16 అడుగుల కాంపోజిట్ బోర్డు చలికీ ఎండకీ మధ్య పొడవులో పావు అంగుళం పైనే మారుతుంది. పక్క ఫ్రేము 12 అడుగులు, ముందుది 16. రెండూ ఒకేలా సాగవు. జనవరిలో మూల నోరు తెరుస్తుంది. పీవీసీ బోర్డయితే పీవీసీ సిమెంటుతో అతికించొచ్చు, కాంపోజిట్‌కి అది పట్టదు. బట్ వేసి, ముందు బోర్డుని నిండుగా పోనివ్వండి.

రంపంరాజు:
అప్పుడు ముందు బోర్డు కోసిన చివర్లు రెండూ పక్కకి కనిపిస్తాయి. అడిగిందే కోసిన చివర్లు మూయడం గురించి!

ఎడిసన్ మావయ్య:
యాభై చివర్ల బదులు రెండు.

రంపంరాజు:
రెండైనా చివర్లే. మైటర్ కింద దిమ్మ గట్టిగా వేసి, మూలకి అటూ ఇటూ స్క్రూలు దగ్గరగా కొడితే సాగుడంతా అవతలి కొసకి పోతుంది. అది చెయ్యడం రాని కాంట్రాక్టర్లే "మైటర్ వద్దండీ" అంటారు. ఇలాంటోడికే డబ్బిచ్చి ఒకసారి మునిగాను, అందుకే నా పని నేనే చేసుకుంటున్నాను.

ఎడిసన్ మావయ్య:
మీరు వారాంతాల్లో చేసుకుంటారు కాబట్టి మీకు కూలి లెక్కలేదు. అడిగినాయన మనిషిని పెట్టుకోవాలి. ప్రతి ప్రశ్నకీ "పీకి మళ్ళీ కట్టు" అనేది సలహా కాదు.

రంపంరాజు:
మీరు ఎప్పుడైనా రంపం పట్టారా అసలు?

డాలస్ దుర్గ:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. రెయిలింగ్ పోస్టులు ఎక్కడున్నాయో ఎవరైనా అడిగారా? డెక్ ఎత్తెంత?

కొత్తిల్లు (షార్లెట్):
వాకౌట్ బేస్‌మెంట్ (నేరుగా బయటికి తలుపున్న కింది అంతస్తు) మేడం, డెక్ తొమ్మిది అడుగుల ఎత్తు. పోస్టులు బోర్డుల మీదే బేస్ ప్లేటు పెట్టి బోల్టులు బిగించారు. పక్క అంచుల్లోనే, ఒక్కో వైపు మూడు. రిమ్ 2 x 10.

డాలస్ దుర్గ:
చూశారా. ఫ్రేము వెయ్యాలంటే ఆ ఆరు పోస్టులూ లేపాలి, వాటి కింద దిమ్మలు జరపాలి. నేల నుంచి 30 అంగుళాలు దాటిన డెక్‌కి కనీసం 36 అంగుళాల గార్డు (రెయిలింగ్) తప్పనిసరి. పనయ్యేదాకా డెక్ మీదికి తెరుచుకునే తలుపుకి గొళ్ళెం వేసుకోవాలి. పిల్లలుంటే మరీ.

రంపంరాజు:
కొత్త డెక్‌కి చెప్పినట్టు చెప్పాను, నిజమే. అయినా పక్కలు ఖాళీగా వదిలిన డెక్‌ని పూర్తయిన పని అనను. డబ్బు తీసుకున్నవాడే సరిచెయ్యాలి.

ఎడిసన్ మావయ్య:
అసలు మన తగువు అదన్నమాట! మీకది లోపం. నాకది అందం విషయం. గాడుల బోర్డయినా, చివర్లు తెరిచి ఉన్నా బోర్డు చెడదు. ట్రెక్స్ కంపెనీ కాంపోజిట్ రకాల్లో ఎన్‌హాన్స్‌కి అడుగున గాడులుంటాయి, ట్రాన్సెండ్ నిండు బోర్డు. కొటేషన్‌లో "పిక్చర్ ఫ్రేమ్" అని రాసి ఉంటే వాడిని పట్టుకోండి. లేకపోతే వాడు ఎందుకు చేస్తాడు?

కొత్తిల్లు (షార్లెట్):
రాసిలేదండి. "ఫేషియా, మూడు వైపులా" అని మాత్రమే ఉంది.

రంపంరాజు:
హ్మ్. తొమ్మిది అడుగుల ఎత్తంటే చూసేది కిందినుంచే. పైన ఫ్రేము ఉన్నా లేకపోయినా వాకిట్లోంచి కనిపించదు.

ఎడిసన్ మావయ్య:
అందుకే పక్క ఫేషియాని పైకి జరపండి. లెక్క చూడండి: 2 x 10 అన్నా రిమ్ అసలు ఎత్తు 9¼ అంగుళాలే, బోర్డు మందం దాదాపు ఒక అంగుళం. కలిపి 10¼ లోపే. వెడల్పు ఫేషియా 11 అంగుళాల పైచిలుకు ఉంటుంది, చివర్లు కప్పి కింద ఇంకా అంగుళం వేలాడుతుంది. 12 అడుగుల ముక్కలుగా దొరుకుతుంది కాబట్టి మధ్యలో అతుకుండదు. మీ రిమ్ 2 x 12 అయ్యుంటే ఇది కుదిరేది కాదు.

పాత ఫేషియా ఊడదీసి, సుద్ద తాడు కొట్టి, బోర్డుల్ని రిమ్ అంచుకి సమంగా కోయండి. రిమ్ మీద 3/8 అంగుళం మందం పట్టీలు నిలువుగా, ప్రతి 12 అంగుళాలకి ఒకటి. పట్టీ పై కొస బోర్డు అడుగుకంటే కిందే ఆగాలి. ఫేషియా వాటి మీద. అప్పుడు చివర్ల ముందు సందు ఉంటుంది, బోర్డు సాగడానికి చోటుంటుంది, నీరు పట్టీల మధ్య నుంచి జారిపోతుంది. సందు లేకుండా చివర్లకి ఆనించి కొడితే చెత్త ఇరుక్కుంటుంది, ఎండాకాలంలో బోర్డులు ఫేషియాని బయటికి తోస్తాయి. ఫేషియా పై అంచు బోర్డు పైభాగం కంటే 1/8 అంగుళం కిందికి ఉంచండి, కాలికి తగలదు. స్క్రూ రంధ్రం స్క్రూ కాడ కంటే పెద్దది వెయ్యండి. అది బిగుతైతే ఫేషియా అలలు తిరుగుతుంది.

రంపంరాజు:
ఒకటి చెప్పనా. పోస్టుల దగ్గర రంపం పోదు. రంపం అడుగు పలక (షూ) పోస్టు బేస్ ప్లేటుకి తగులుతుంది. అక్కడ ఆసిలేటింగ్ టూల్‌తో గానీ చేతి రంపంతో గానీ కోయాలి. అడుగున నిచ్చెన సరిపోదు, స్కఫోల్డింగ్ కావాలి. కోశాక పై అంచుని సాండ్‌పేపర్‌తో ఒక్కసారి తుడిచి వదిలెయ్యండి, రౌటర్‌తో గుండ్రం చేస్తే క్యాప్ పోయి లేత రంగు పైనుంచే కనిపిస్తుంది.

నీళ్ళగండం:
అయినా సీలర్ కొట్టుంటే పోయేది.

కొత్తిల్లు (షార్లెట్):
ఇంకొక్క డౌటు. ముందు మూలలో మొదటి బోర్డు ముందుకి అంగుళం పొడుచుకొచ్చి ఉంది కదా, దాని చివర సంగతి?

ఎడిసన్ మావయ్య:
పక్క ఫేషియాని కూడా అంగుళం ముందుకి పోనివ్వండి, ఆ చివరనీ కప్పేస్తుంది. ఫేషియా కోసిన కొస ముందునుంచి సన్నగా కనిపిస్తుంది, దానికి రంగు మార్కర్ చాలు.

రంపంరాజు:
కోసిన కొస మళ్ళీ కనిపిస్తుందని మీరే అంటున్నారు.