'కోర్టు ఆమోదించిన ప్రభుత్వ బాండ్లు' అంటున్నాడు ఏజెంటు, ఎవరికైనా తెలుసా?

కొర్లగుంట వాసి: నాన్న రిటైరైన డబ్బులు బ్యాంకులో పడినప్పటి నుంచి ఒకాయన ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ బాండ్లంట. "వీటికి కోర్టు ఆమోదం కూడా ఉంది సార్, రేపు ఏ ప్రభుత్వం వచ్చినా కదపలేదు" అన్నాడు. కోర్టు మాట వినేసరికి నాన్న మెత్తబడిపోయారు. నాకేమో టెన్షన్. తిరుపతిలో ఎవరికైనా ఇలా చెప్పారా?

చిత్తూరు గుమాస్తా: కోర్టులో నా చేతి మీదుగా పోయిన బాండ్లన్నీ బెయిలు పూచీకత్తులే అన్నా! మన దేశంలో బాండ్లు అమ్మేముందు కోర్టుతో ముద్ర వేయించుకునే పద్ధతి లేదు. ఎవరైనా రిట్ వేస్తేనే హైకోర్టు చూసేది. ప్రభుత్వ హామీ ఉంటే దానికి జీవో ఉండాలి, అది అడగండి.

టాంపా తిరుపతోడు: ఆ పద్ధతి అమెరికాలో మా ఫ్లోరిడా రాష్ట్రంలో ఉంది. ఇక్కడి చట్టంలో 75వ అధ్యాయం. బాండ్లు వేయాలనుకున్న సంస్థే ముందుగా సర్క్యూట్ కోర్టుకు పోయి, పన్ను కట్టేవాళ్లను, ఆస్తులున్నవాళ్లను ప్రతివాదులుగా పెట్టి దావా వేస్తుంది. పత్రికలో నోటీసు వేస్తారు, అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి చెప్పుకోవచ్చు. ప్రభుత్వ న్యాయవాది కూడా లోపాలుంటే ఎత్తిచూపాలి. అప్పీలు నేరుగా రాష్ట్ర సుప్రీంకోర్టుకే. తీర్పు ఖాయమైతే ఆ బాండ్ల చెల్లుబాటు మీద మళ్లీ కేసు నడవదు. కొనేవాళ్లకు ధైర్యం అదే.

అయితే కోర్టు చూసేది మూడే: సంస్థకు అప్పు తెచ్చే అధికారం ఉందా, డబ్బు వాడే పని చట్టబద్ధమేనా, పద్ధతి ప్రకారం చేశారా. ప్రాజెక్టు లాభసాటా, అప్పు తీరుతుందా అన్నది జడ్జి పట్టించుకోడు. మీ ఏజెంటు ఈ సగం మింగేశాడు.

భవానీనగర్ టీచర్: 2018లో సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) వేసిన అమరావతి బాండ్లు గుర్తున్నాయా? 2,000 కోట్లు, వడ్డీ 10.32 శాతం, బీఎస్ఈలో (ముంబై స్టాక్ ఎక్స్ఛేంజీలో) గంట కొట్టి మరీ లిస్ట్ చేశారు. వాటికీ ఉన్నది రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీయే, కోర్టు ఆమోదం కాదు. కొన్నవాళ్లు పెద్ద పెద్ద ఇన్వెస్టర్లు, మనలాంటోళ్లు కాదు.

చిత్తూరు గుమాస్తా: ఇంకోటి. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే రాజ్యాంగం 293(3) కింద కేంద్రం ఒప్పుకోవాలి. కార్పొరేషన్ల పేరుతో తెచ్చి బడ్జెట్ నుంచి తీర్చే అప్పుల్ని కూడా 2022 నుంచి రాష్ట్రం అప్పుల పరిమితిలోనే లెక్కేస్తున్నారు. దీని మీద కేరళ సుప్రీంకోర్టుకు పోతే 2024 ఏప్రిల్‌లో రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. అంటే కోర్టు మెట్లెక్కేది గొడవ వచ్చాకే.

కొర్లగుంట వాసి: ఏ కోర్టు, కేసు నంబరెంత అని ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. "హెడ్డాఫీసులో కనుక్కుని చెప్తా" అన్నాడు.

భవానీనగర్ టీచర్: ఐఎస్ఐఎన్ నంబరు (ఆ బాండుకుండే గుర్తింపు నంబరు), డిబెంచర్ ట్రస్టీ (కొన్నవాళ్ల తరఫున చూసుకునే సంస్థ) పేరు కూడా అడుగు నాయనా. అవి చెప్పలేకపోతే గుమ్మంలోంచే పంపించెయ్. నాన్నకు రాష్ట్ర ప్రభుత్వ బాండ్లే కావాలంటే ప్రభుత్వ బాండ్లు నేరుగా కొనుక్కునే ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ వెబ్‌సైటులో ఖాతా తెరిపించు, 10,000 రూపాయల నుంచే కొనుక్కోవచ్చు, మధ్యలో ఏజెంటు ఉండడు.