కానుకల సొమ్ము వాడుకున్నవారి విషయంలో "తీర్పు తీర్చకుడి" ఎంతవరకు?

గుణుపూర్ విశ్వాసి:
అందరికీ వందనాలు. సంఘంలో కానుకల లెక్క చూసే సహోదరుడు 5,000 రూపాయలు సొంతానికి వాడుకుని, తర్వాత తనంతట పెద్దల దగ్గర ఒప్పుకున్నాడనుకోండి. కొందరు మత్తయి 7:1లోని "తీర్పు తీర్చకుడి" అన్న మాట చూపించి "మనకెందుకు, దేవుడే చూసుకుంటాడు" అంటారు. ఇంకొందరు ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచరణకు, దూరం పెట్టాల్సిందే అంటారు. మా వైపు వాక్యం తెలుగులోనూ ఒడియాలోనూ వినిపిస్తుంది, దాంతో తికమక ఇంకా ఎక్కువ. క్షమించడమంటే పెట్టె తాళం మళ్లీ అతనికే ఇవ్వడమా?

రాయగడ బైబిల్ స్టడీ:
తికమక మొదలయ్యేది ఆ మాట దగ్గరే అన్నా. ఒడియా బైబిల్లో అక్కడ "బిచార" అని ఉంటుంది. ఒడియాలో బిచార అంటే తీర్పు, మంచిచెడ్డలు ఆలోచించడం కూడా. అందుకే "విచారించనే కూడదు" అన్నట్టు వినబడుతుంది. మూలంలో ఉన్న గ్రీకు మాట "క్రినో"కీ ఇన్ని అర్థాలున్నాయి. ఏది తీసుకోవాలో పక్క వచనాలే చెప్తాయి. లూకా 6:37లో వెంటనే "నేరము మోపకుడి" అని వస్తుంది. మత్తయి 7:5 దాకా చదివితే, ముందు నీ కంట్లో దూలం తీసుకో, అప్పుడు సహోదరుని కంట్లో నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది అని ఉంది. నలుసును వదిలేయమనలేదు. అతని మనసు ఇలాంటిది, దేవుడు అతన్ని తోసేశాడు అని తేల్చేయడమే మనది కాని పని. లెక్క చూడడం మన పనే.

పర్లాకిమిడి సంఘపెద్ద:
మత్తయి 18:15-17లో వరస ఉంది: ఒంటరిగా మాట్లాడడం, వినకపోతే ఒకరిద్దరు సాక్షులు, అప్పటికీ వినకపోతే సంఘం. ఎక్కడ విన్నాడో అక్కడ ఆగాలి. ఒప్పుకున్నవాణ్ణి మూడో మెట్టుకు ఈడ్చకూడదు. ఎక్కువగా చెడేది ఇక్కడే. "ప్రార్థన అంశం" అంటూ వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టేస్తారు. అది చాడీయే, ప్రార్థన కాదు.

సొమ్ము మాత్రం తిరిగి రావాలి. లేవీయకాండము 6:5 ప్రకారం అసలుకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి, అంటే 5,000కి 6,000. ధర్మశాస్త్రం కింద లేము కాబట్టి ఆ వెయ్యి కోసం పట్టుబట్టను, అసలు మాత్రం వదలకూడదు. తాళం ఇప్పుడే ఇవ్వకండి. ఇది శిక్ష అనుకోవద్దు, మళ్లీ అదే శోధనలో పడేయకుండా ఉండడానికి. ఎవరు లెక్కపెట్టినా ఆరాధన అయిన వెంటనే ఇద్దరు కలిసి లెక్కించి, రిజిస్టర్లో ఇద్దరూ సంతకం పెట్టాలి. పౌలు కూడా చందా సొమ్ము విషయంలో మనుష్యుల దృష్టికీ యోగ్యంగా ఉండాలని జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:20-21).

జయపురం సండేస్కూల్:
క్షమించనని మొండికేసేవారికి మత్తయి 18లోని ఉపమానంలో లెక్క చూపించండి: రాజు పదివేల తలాంతుల అప్పు క్షమించిన దాసుడే, తనకు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి క్షమించలేదు. దేనారం ఒక రోజు కూలి. తలాంతు దాదాపు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి, తీర్చే అప్పే కాదు. తోటి దాసుడు ఇవ్వాల్సింది నూరు దేనారాలు, అంటే మూడు నెలల పైచిలుకు కూలి. అదీ చిన్నదేం కాదు, నష్టం నిజమే. కానీ రాజు ముందు క్షమించాడు, ఆ తర్వాతే దాసుణ్ణి అడిగాడు. మన క్షమాపణతో దేవుని క్షమాపణ కొనుక్కోవడం లేదు.

గుణుపూర్ విశ్వాసి:
మరి బల్ల సంగతి? అతనే పెద్ద అయితే?

పర్లాకిమిడి సంఘపెద్ద:
పశ్చాత్తాపపడి సొమ్ము కట్టేవాణ్ణి ఏళ్ల తరబడి బల్లకు దూరం పెట్టకండి. దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించమని 2 కొరింథీ 2:7 చెప్తోంది. పెద్ద అయితే 1 తిమోతి 5:19-20 చూడండి. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా ఫిర్యాదే తీసుకోకూడదు. రుజువయ్యాక మాత్రం అందరి ఎదుటే మాట్లాడాలి.