కోడ్ నుంచి ప్రింట్ చేస్తే కొన్ని లెటర్లు మాయమవుతున్నాయి, ఎర్రర్ కూడా రావడం లేదు

ప్రశ్న

రెండు వారాలుగా దీని మీదే కూర్చున్నాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మా అప్లికేషన్ సీ షార్ప్‌లో ఉంది. డేటాబేస్‌లోంచి వివరాలు తీసుకుని వర్డ్ టెంప్లేట్‌లో నింపి, ఒక్కో లెటర్‌ని ప్రింటర్‌కి పంపడం దాని పని. వర్డ్‌ని ఆటోమేషన్ ద్వారా, అంటే మనిషి కాకుండా కోడ్‌తోనే తెరుస్తాను, డాక్యుమెంట్ మీద ప్రింట్‌అవుట్ అనే కమాండ్ పిలుస్తాను, తర్వాత క్లోజ్, చివర్లో క్విట్. ఆ వెంటనే డేటాబేస్‌లో ఆ లెటర్ ఎదురుగా 'ప్రింట్ అయింది' అని రాసేస్తాను.

నా మెషీన్‌లో డీబగ్గర్ పెట్టి లైను లైనుకీ ఆపుతూ నడిపిస్తే ప్రతిసారీ ప్రింట్ వస్తుంది. డీబగ్గర్ తీసేస్తే చివరి లెటరో, చివరి రెండో కనపడవు. ఎక్సెప్షన్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు. క్విట్‌కి ముందు 5 సెకన్లు ఆగేలా పెట్టాను, సమస్య తగ్గింది కానీ పోలేదు, పెద్ద బొమ్మలున్న లెటర్ వచ్చినప్పుడు మళ్లీ మొదలు.

రెండోది ఇంకా ఘోరం. దీన్ని విండోస్ సర్వీస్‌గా (ఎవరూ లాగిన్ కాకపోయినా వెనకాల నడిచే ప్రోగ్రామ్‌గా) మార్చి సర్వర్‌లో పెట్టమన్నారు, పెట్టాను. అక్కడ అసలు ప్రింటే లేదు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే వర్డ్ ప్రాసెస్‌లు పేరుకుపోయి ఉన్నాయి, ప్రింట్‌అవుట్ లోపలికి వెళ్లిన కోడ్ బయటికి రావడం లేదు. నా టెన్షన్ అంతా ఎక్కడంటే, మా రికార్డులో లెటర్ వెళ్లిందని ఉంటుంది, అవతలి మనిషికి అది అందనే అందదు.

జవాబు 1

మొదటిది తేలికగానే పోతుందండీ. ప్రింట్‌అవుట్‌కి మొదటి పారామీటర్ పేరు బ్యాక్‌గ్రౌండ్. అది ట్రూ అయితే వర్డ్ ప్రింటింగ్‌ని తన మానాన నడుపుకుంటూ కంట్రోల్‌ని మీ కోడ్‌కి వెంటనే ఇచ్చేస్తుంది. అది ఇంకా పేజీలు తయారుచేస్తూ ఉండగానే మీ క్విట్ వచ్చి పడుతుంది, ఆ జాబ్ అక్కడితో సరి. డీబగ్గర్‌లో మీరు ఆగుతున్నారు కాబట్టి దానికి టైమ్ దొరికేది, అందుకే అక్కడ బాగుంది. ఆ పారామీటర్‌ని వదిలేయకుండా ఫాల్స్ అని స్పష్టంగా ఇవ్వండి. ఏదైనా కారణంతో ట్రూ ఉంచాల్సి వస్తే, వర్డ్ అప్లికేషన్ ఆబ్జెక్ట్‌లో బ్యాక్‌గ్రౌండ్ ప్రింటింగ్ స్టేటస్ అని ఒక ప్రాపర్టీ ఉంది, క్యూలో ఇంకా ఎన్ని ఉన్నాయో చెప్తుంది, అది సున్నా అయ్యాకే క్విట్ పిలవండి. ఇన్ని సెకన్లు ఆగితే చాలు అని లెక్క వేసుకోవద్దు, ఏ రోజుకారోజు ఆ లెక్క తప్పుతుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ తప్పకుండా తగులుతుంది. ప్రింటర్ మార్చడానికి యాక్టివ్ ప్రింటర్ అనే ప్రాపర్టీని సెట్ చేస్తున్నారా? అది వర్డ్‌తో ఆగదు, ఆ యూజర్‌కి విండోస్ డిఫాల్ట్ ప్రింటర్‌నే మార్చేస్తుంది. పక్క అప్లికేషన్ నుంచి వెళ్లాల్సిన కాగితాలు మీ ప్రింటర్‌లో వచ్చి పడతాయి.

జవాబు 2

సర్వీస్ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే నాలుగు నెలలు నేనూ అదే గోడకి తల కొట్టుకున్నాను.

విస్టా నుంచి విండోస్ సర్వీసులన్నీ సెషన్ 0 అనే వేరే సెషన్‌లో నడుస్తాయి. అక్కడ స్క్రీన్ మీద ఏ డైలాగ్ వచ్చినా చూసేవాళ్లు ఉండరు, ఓకే నొక్కేవాళ్లు ఉండరు. వర్డ్ ఏమో ఎదురుగా మనిషి ఉన్నాడన్న నమ్మకంతో రాసిన ప్రోగ్రామ్. 'మార్జిన్లు ప్రింట్ అయ్యే హద్దు దాటి ఉన్నాయి, కొనసాగించాలా' అని అడుగుతుంది చూశారా, ఆ ఒక్క ప్రశ్న చాలు, జవాబు కోసం రోజుల తరబడి అలాగే నిలబడిపోతుంది. మీ దగ్గర పేరుకున్న ప్రాసెస్‌లు చాలావరకు అవే అయ్యుంటాయి. వర్డ్‌లో డిస్‌ప్లే అలర్ట్స్ అనే సెట్టింగ్‌ని ఆపేసి చూడండి, కొన్ని పోతాయి, కానీ దాన్ని నమ్ముకుని సర్వర్ నడపలేం. మనుషులు లేని చోట ఆఫీస్ ప్రోగ్రాములను ఆటోమేట్ చేయవద్దని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

దానికి తోడు ప్రింటర్లు యూజర్‌ని బట్టి ఉంటాయి. మీరు లాగిన్ అయి కలుపుకున్న నెట్‌వర్క్ ప్రింటర్ మీ అకౌంట్‌కే కనిపిస్తుంది, లోకల్ సిస్టమ్ అకౌంట్‌లో నడిచే సర్వీస్‌కి దాని పేరే తెలియదు. సర్వీస్‌కి విడిగా ఒక అకౌంట్ ఇవ్వండి, లేకపోతే ఆ ప్రింటర్‌ని మెషీన్ మొత్తానికీ ఇన్‌స్టాల్ చేయండి.

నేనైతే వర్డ్‌ని సర్వర్ నుంచి పూర్తిగా తీసేశాను. టెంప్లేట్ నింపాక లిబ్రేఆఫీస్‌ని హెడ్‌లెస్ మోడ్‌లో, అంటే స్క్రీన్ మీద విండో తెరవకుండా పిలిచి పీడీఎఫ్ చేయించుకుంటాను, ప్రింటింగ్ దాని తర్వాతి పని. ఒకేసారి రెండు కన్వర్షన్లు నడపాలంటే ఒక్కోదానికి వేరే యూజర్ ప్రొఫైల్ ఫోల్డర్ ఇవ్వాలి, ఒకే ప్రొఫైల్ అయితే ఒకదానికొకటి అడ్డం పడతాయి. టెంప్లేట్‌లో వాడిన ఫాంట్లు సర్వర్‌లో ఉన్నాయో లేదో కూడా చూసుకోండి, లేకపోతే వేరే ఫాంట్ వచ్చి లైన్లు జరిగి ఒక పేజీ లెటర్ రెండు పేజీలవుతుంది.

జవాబు 3

పైవాళ్లు చెప్పినవి సరైనవే, కానీ ప్రశ్నలో అసలు గుండెకాయ చివరి వాక్యం, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ప్రింట్‌అవుట్ తిరిగి వచ్చిందంటే, మహా అయితే లెటర్ స్పూలర్‌కి (ప్రింట్ క్యూని నడిపే విండోస్ భాగానికి) చేరిందనే అర్థం. కాగితం మీదికి వచ్చిందని కాదు. బ్యాక్‌గ్రౌండ్ ఫాల్స్ పెట్టినా అంతే. ప్రింటర్‌లో కాగితం అయిపోయినా, ఎవరో క్యూలోంచి డిలీట్ కొట్టినా మీ కోడ్‌కి తెలియదు, డేటాబేస్ మాత్రం 'ప్రింట్ అయింది' అంటుంది. దయచేసి ఆ ఒక్క మాటను రెండుగా విడదీయండి, 'క్యూకి ఇచ్చాం' అని ఒకటి, 'పూర్తయింది' అని ఒకటి.

రెండోది ఎప్పుడు రాయాలంటే, జాబ్ నంబర్ పట్టుకోవాలి. విన్32లో (విండోస్ సొంత ఫంక్షన్లలో) స్టార్ట్ డాక్ ప్రింటర్ పిలిస్తే అది తిరిగి ఇచ్చేదే జాబ్ నంబర్, దాంతో గెట్ జాబ్ పిలిచి స్థితి చూడొచ్చు. ఒక జాగ్రత్త, డాట్‌నెట్‌లోని సిస్టమ్ ప్రింటింగ్ క్లాసులకు విండోస్ సర్వీస్ లోపల సపోర్ట్ లేదు, నమూనా కోడ్ చూసి అవి వాడేయకండి.

అవకాశం ఉంటే స్పూలర్ జోలికి పోకుండా ఐపీపీతో (నెట్‌వర్క్ మీద ప్రింటర్లతో మాట్లాడే ప్రోటోకాల్) నేరుగా ప్రింటర్‌తో మాట్లాడండి, నెట్‌వర్క్ ప్రింటర్లు చాలావాటికి అది వచ్చు, పోర్ట్ 631. ప్రింట్ జాబ్ అభ్యర్థన పంపితే జాబ్ ఐడీ వస్తుంది, తర్వాత స్థితి అడుగుతూ ఉండాలి, జవాబు అంకెగా వస్తుంది. 5 అంటే నడుస్తోంది, 6 అంటే మధ్యలో ఆగింది, 7 ఎవరో రద్దు చేశారు, 8 ప్రింటరే వదిలేసింది, 9 అంటే పూర్తయింది. ఆగితే ఎందుకు ఆగిందో కూడా ప్రింటర్ చెప్తుంది, కాగితం లేదనో, ఇరుక్కుందనో. లెటర్ అందకపోతే ఇబ్బంది పడేది ఒక మనిషి అని మీరే అన్నారు, కాబట్టి ఈ పని బరువైనా తలకెత్తుకోవడం న్యాయం.

ప్రశ్న అడిగినవారు

బ్యాక్‌గ్రౌండ్ ఫాల్స్ పెట్టగానే నా మెషీన్‌లో ఒక్క లెటర్ కూడా పోలేదు, 200 లెటర్లు పంపి లెక్కపెట్టాను. చాలా థ్యాంక్స్ అండీ. సర్వర్‌లో వర్డ్ తీసేసి పీడీఎఫ్‌కి మారాను. కానీ ఆ పీడీఎఫ్‌ని రైట్ ప్రింటర్ (WritePrinter) అనే విన్32 ఫంక్షన్‌తో రా (RAW) మోడ్‌లో పంపితే ఒక ప్రింటర్‌లో చక్కగా వచ్చింది, ఇంకో దాంట్లో పేజీల కొద్దీ పిచ్చి అక్షరాలు. ఇంకో సందేహం, నెట్‌వర్క్ మధ్యలో తెగితే మళ్లీ పంపాలా వద్దా? ఒకే లెటర్ రెండుసార్లు వెళ్లినా మాకు తలనొప్పే.

జవాబు 3

రా అంటే డ్రైవర్ ముట్టుకోకుండా బైట్లు ఉన్నవి ఉన్నట్టు వెళ్తాయి. పీడీఎఫ్ అర్థమయ్యే ప్రింటర్ దాన్ని పేజీగా గీస్తుంది, అర్థం కానిది అదేదో మామూలు టెక్స్ట్ అనుకుని అచ్చు వేస్తుంది. ఐపీపీలో ముందే ఆ ప్రింటర్‌ని ఏ ఫార్మాట్లు తెలుసని అడగొచ్చు, జాబితాలో పీడీఎఫ్ లేకపోతే గోస్ట్‌స్క్రిప్ట్ లాంటి కన్వర్టర్ ప్రోగ్రామ్‌తో ఆ ప్రింటర్‌కి వచ్చిన భాషలోకి మార్చి పంపండి.

మళ్లీ పంపే విషయానికి, ప్రతి జాబ్‌కీ పేరు పెట్టే వీలుంది కదా, అందులో మీ డేటాబేస్‌లోని లెటర్ నంబర్ పెట్టండి. తెగినప్పుడు వెంటనే పంపకుండా, ఆ పేరుతో జాబ్ ఉందేమో క్యూలోనూ, పూర్తయిన జాబుల జాబితాలోనూ వెతకండి. ఉంటే దాని స్థితి తీసుకోండి. ఎక్కడా లేకపోతే ఆ లెటర్‌ని 'చూడాలి' అని పక్కన పెట్టి, ట్రేలో కాగితం ఉందో లేదో ఒక మనిషి చూశాకే పంపండి, ఎందుకంటే పూర్తయిన జాబుల జాబితాని ప్రింటర్ ఎక్కువసేపు దాచుకోదు, అందులో లేనంత మాత్రాన ప్రింట్ కాలేదని అనుకోలేం.